పెర్ల్: ఫోల్డర్‌లో ఉన్న ఫైల్ పేరునే ఔట్‌పుట్ ఫైల్‌కి పెట్టాలి, కానీ కొన్ని అసలు ఫైళ్ళే ఖాళీ అవుతున్నాయి

కాటా_కుర్రోడు (గాజువాక)

అందరికీ నమస్కారం. ఆటోనగర్ దగ్గర ఒక ధర్మకాటాలో లెక్కలు చూస్తాను. పోర్టు నుంచి వచ్చే లారీలు, స్క్రాప్ లారీలు ఎక్కువ. కాటా గదిలోని పాత కంప్యూటర్ రోజుకో టెక్స్ట్ ఫైల్ రాస్తుంది. వరుసకో లారీ: నంబరు, లోడు బరువు, ఖాళీ బరువు, టైము. ఆ ఫైళ్ళని పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఆఫీసులో ఉబుంటు సిస్టమ్‌లోని ఒక ఫోల్డర్‌లో వేస్తాం.

నాకు ముందు పనిచేసినాయన పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన స్క్రిప్టు (చిన్న ప్రోగ్రామ్) ఒకటి ఉంది. ఫోల్డర్‌లోని ప్రతి టిఎక్స్‌టి ఫైల్‌నీ చదివి, నికర బరువులు కూడి, అదే పేరుతో ఎక్స్‌టెన్షన్ మాత్రం 'ఔట్' అని మార్చి, పక్కనే కొత్త ఫైల్ రాయడం దాని పని. చాలావాటికి సరిగ్గానే వస్తోంది. కొన్నిటికి మాత్రం ఔట్ ఫైల్ రావట్లేదు. పైగా అసలు ఫైల్ తెరిచి చూస్తే లోపల శీర్షిక వరుస ఒక్కటే మిగిలి ఉంటోంది, లారీలన్నీ మాయం! ఎర్రర్ ఏమీ చూపించదు.

ఆఫీసు సిస్టమ్‌కి నెట్ లేదు, ఫోన్‌లో కోడ్ కొట్టడం నా వల్ల కాదు. మాటల్లో చెప్తాను: ఓపెన్‌డిర్‌తో ఫోల్డర్ తెరుస్తుంది, వైల్ లూప్‌లో రీడ్‌డిర్‌తో ఒక్కో పేరూ తీసుకుంటుంది, టిఎక్స్‌టి కాకపోతే వదిలేస్తుంది, ఆ పేరు మీద సబ్‌స్టిట్యూషన్ (ఒక ముక్కని వెతికి దాని చోట ఇంకోటి పెట్టడం) చేసి ఔట్‌పుట్ పేరు తయారుచేస్తుంది, చదవడానికి ఒక ఫైల్, రాయడానికి ఒక ఫైల్ తెరుస్తుంది. అంతే. జవాబులు కూడా మాటల్లోనే చెప్తే నాకు అర్థమవుతుంది.

రుషికొండ_రూట్

ఓపెన్‌డిర్, రీడ్‌డిర్ పాత పద్ధతి బ్రో. గ్లాబ్ వాడు, నక్షత్రం గుర్తుతో ప్యాటర్న్ ఇస్తే దానికి సరిపోయే ఫైళ్ళ పేర్లన్నీ ఇస్తుంది, ఒక్క లైన్లో అయిపోతుంది. రీడ్‌డిర్ ఉత్త పేరే ఇస్తుంది, ముందు ఫోల్డర్ దారి ఉండదు. నువ్వు వేరే ఫోల్డర్‌లో నిలబడి స్క్రిప్టు నడిపితే ఫైల్ దొరకదు. ఒక చుక్క, రెండు చుక్కల ఎంట్రీలు కూడా లిస్టులో వచ్చిపడతాయి. గ్లాబ్‌తో ఈ గోల లేదు, దారితో సహా ఇస్తుంది, అక్షరక్రమంలో ఇస్తుంది.

అసలు ఇదంతా పైథాన్‌లోకి మార్చేస్తే ఇంకా మంచిది.

మాస్టారు_మద్దిలపాలెం

రూట్ గారూ, రోగం తెలియకుండా మందు ఎందుకు? ఈ బగ్‌ని పైథాన్‌లో కూడా అచ్చం ఇలాగే రాయొచ్చు.

కాటా బాబూ, రెండు సంగతులు చూసి చెప్పు. ఒకటి, ఖాళీ అయిన ఫైళ్ళ పేర్లు ఒక పక్క, బాగున్న ఫైళ్ళ పేర్లు ఇంకో పక్క రాసుకుని తేడా ఏమిటో చూడు. లోపలి డేటా వద్దు, పేర్లే. రెండు, టిఎక్స్‌టి కాకపోతే వదిలేసే చోట రెగెక్స్ (వెతికే నమూనా) చివర ఐ అనే మాడిఫయర్, అంటే చిన్నా పెద్దా అక్షరాల తేడా చూడొద్దనే గుర్తు, ఉందా? పేరు మార్చే సబ్‌స్టిట్యూషన్ చివర కూడా ఉందా?

అంతవరకూ ఆ స్క్రిప్టు మళ్ళీ నడపకు. పెన్‌డ్రైవ్‌లో అసలు ఫైళ్ళు ఇంకా ఉన్నాయా?

కాటా_కుర్రోడు (గాజువాక)

పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి మాస్టారూ, చెరపలేదు. హుద్‌హుద్ తుపాను అప్పుడు, 2014 అక్టోబరులో, ఆఫీసు పైకప్పు రేకులు ఎగిరిపోయి పాత కాగితం రిజిస్టర్లన్నీ తడిసి ముద్దయ్యాయట. అప్పట్నుంచి మా ఓనరు గారు దేన్నీ చెరపనివ్వరు.

పేర్లు పక్కపక్కన పెట్టి చూశాను. పాడైనవాటన్నిటికీ ఎక్స్‌టెన్షన్ పెద్దక్షరాల్లో ఉంది. బాగున్నవి చిన్నక్షరాలు. పెద్దక్షరాలవి పాత కాటా ప్రోగ్రామ్ రాసినవి, చిన్నక్షరాలవి కొత్త ఇండికేటర్ (బరువు చూపించే పెట్టె) పెట్టాక వచ్చినవి.

మీరన్న ఐ మొదటి చోట ఉంది. రెండో చోట లేదు. ఇంత చిన్నదానికా?

మాస్టారు_మద్దిలపాలెం

ఇంత చిన్నదానికే. ఏం జరుగుతోందో వరుసగా చూద్దాం.

వడపోత దగ్గర ఐ ఉంది కాబట్టి పెద్దక్షరాల ఫైల్ కూడా లోపలికి వచ్చింది. పేరు మార్చే చోట ఐ లేదు కాబట్టి చిన్నక్షరాల టిఎక్స్‌టి కోసం వెతికింది, దొరకలేదు. దొరక్కపోతే పెర్ల్ సబ్‌స్టిట్యూషన్ గొడవ చేయదు, హెచ్చరించదు. స్ట్రింగ్‌ని ముట్టుకోకుండా వదిలేసి, 'ఏమీ మారలేదు' అన్నట్టు అబద్ధపు విలువ తిరిగిస్తుంది. ఆ విలువని మీ స్క్రిప్టు చూడట్లేదు. అంటే ఔట్‌పుట్ పేరు, ఇన్‌పుట్ పేరు ఒకటే అయ్యాయి.

తర్వాత ఆ ఫైల్‌నే చదవడానికి తెరిచింది, ఆ ఫైల్‌నే '>' గుర్తుతో రాయడానికీ తెరిచింది. '>' తో తెరిచిన క్షణంలోనే ఫైల్ పొడవు సున్నా అయిపోతుంది. ఇంకా ఒక్క అక్షరం రాయనక్కర్లేదు. చదివే హ్యాండిల్‌కి ఇక దొరికేదేమీ లేదు. మీ స్క్రిప్టు ముందు శీర్షిక రాస్తుంది కాబట్టి అదొక్కటే మిగిలింది. ఫైలంతా ముందే అర్రేలోకి లాగేసుకునే స్క్రిప్టయితే లారీల స్థానంలో మొత్తాలు కనిపించేవి. శీర్షిక ఒక్కటే మిగిలింది అని నువ్వు అనగానే నాకు అనుమానం వచ్చింది అందుకే.

రెండో చోట కూడా ఐ పెట్టేస్తే ఈ రోజుకి పని నడుస్తుంది. కానీ అక్కడితో ఆగొద్దు. లైనక్స్‌లో చిన్నక్షరాల పేరు, పెద్దక్షరాల పేరు రెండు వేర్వేరు ఫైళ్ళు. 0107 అనే పేరుతో చిన్న ఎక్స్‌టెన్షన్‌ది ఒకటి, పెద్ద ఎక్స్‌టెన్షన్‌ది ఒకటి ఉన్నాయనుకో. ఐ పెట్టాక రెండిటికీ ఒకటే ఔట్‌పుట్ పేరు వస్తుంది. ముందు రాసినదాన్ని తర్వాతది తుడిచేస్తుంది. ఇప్పుడు అసలు ఫైల్ పోదు, కూడిన మొత్తం పోతుంది. అదీ చప్పుడు లేకుండానే.

అందుకని నా సలహా: ఎక్స్‌టెన్షన్ మార్చకు. ఉన్న పేరు మొత్తం అలాగే ఉంచి, దాని చివర చుక్క, ఔట్ అతికించు. జీజిప్ చేసేది ఇదే కదా, పేరు మార్చదు, వెనక తోక తగిలిస్తుంది. అతికించిన పేరు అసలు పేరుతో ఎప్పుడూ సమానం కాదు. రెండు వేర్వేరు పేర్లకి అతికిస్తే వచ్చేవీ వేర్వేరుగానే ఉంటాయి. రెగెక్స్ లేదు, ఐ లేదు, దొరకలేదన్న మాటే లేదు.

ఉప్పుగాలి

మాస్టారితో సగం ఒప్పుకుంటాను. రెండు ఎక్స్‌టెన్షన్ల పేర్లు చూడ్డానికి వికారంగా ఉంటాయి, ఆఫీసులో డబుల్ క్లిక్ చేసేవాళ్ళకి తికమక. ఔట్‌పుట్ ఎక్సెల్‌లో తెరుచుకోవాలంటే చివర సిఎస్‌వి ఉండాలి, ఆ ముందర టిఎక్స్‌టి కనబడితే ఓనరు గారు తప్పకుండా ఫోన్ చేస్తారు.

మార్చాలనుకుంటే ఫైల్::బేస్‌నేమ్ మాడ్యూల్ వాడండి, పెర్ల్‌తో పాటే వస్తుంది. అందులో ఫైల్‌పార్స్ అనే ఫంక్షన్‌కి దారి, దాంతో పాటు `\.[^.]*` అనే ప్యాటర్న్ ఇస్తే మూడు ముక్కలు చేసి ఇస్తుంది: పేరు, ఫోల్డర్, ఎక్స్‌టెన్షన్. చిన్నా పెద్దా ఏదైనా చివరి చుక్క దగ్గరే కోస్తుంది. పేరుకి మీ కొత్త ఎక్స్‌టెన్షన్ తగిలించి, ఫైల్::స్పెక్‌లోని క్యాట్‌ఫైల్‌తో ఫోల్డర్‌కి కలిపితే సరి.

రెగెక్సే కావాలంటే చుక్క ముందు బ్యాక్‌స్లాష్ మరచిపోవద్దు. ఉత్త చుక్క అంటే ఏ అక్షరమైనా అని అర్థం. మాటకి 'పాత' అన్న పేరు వెనక చుక్కే లేకుండా టిఎక్స్‌టి అని ఉన్నా పట్టేస్తుంది, పట్టి ముందున్న అక్షరాన్ని కూడా తినేస్తుంది. పెర్ల్ 5.14 (2011) నుంచి ఆర్ మాడిఫయర్ కూడా ఉంది. అసలు వేరియబుల్‌ని కదపకుండా మార్చిన కాపీ ఇస్తుంది. కానీ మాస్టారు చెప్పిన తిరుగు విలువ దాంతో రాదు, మారినా మారకపోయినా స్ట్రింగే వస్తుంది. ఆర్ వాడితే రెండు పేర్లూ సమానమా కాదా అని విడిగా చూసుకోవాల్సిందే.

మాస్టారు_మద్దిలపాలెం

ఉప్పుగాలి గారూ, ఎక్సెల్ మాట నిజమే. అలాగైతే ఒక హ్యాష్ (పేర్లు గుర్తుపెట్టుకునే పట్టిక) పెట్టుకుని, తయారైన ప్రతి ఔట్‌పుట్ పేరునీ అందులో వేసుకుంటూ, అంతకుముందే ఉంటే డై (స్క్రిప్టుని అక్కడే ఆపేయడం) అనిపించండి. ఇన్‌పుట్‌తో సమానమైతే అక్కడా డై. ఆ రెండు కాపలాలూ లేకుండా మాత్రం ఎక్స్‌టెన్షన్ మార్చే కోడ్‌ని నేను ఒప్పుకోను.

రుషికొండ_రూట్

సరే, పైథాన్ మాట వెనక్కి తీసుకున్నా. గ్లాబ్ మాట మాత్రం కాదు.

కాటా_కుర్రోడు (గాజువాక)

రూట్ అన్నా, గ్లాబ్ పెట్టి చూశాను. ఒక్క పేరే ఇచ్చింది, అదీ లేని ఫైల్ పేరు. మా ఫోల్డర్ పేరు 'కాటా డేటా'.

ఉప్పుగాలి

మధ్యలో ఖాళీ ఉంది చూడండి. పెర్ల్ గ్లాబ్ ఖాళీ కనిపించిన చోట ప్యాటర్న్‌ని రెండుగా కోసేస్తుంది. మొదటి ముక్కలో నక్షత్రం గుర్తు లేదు కాబట్టి అలాంటి ఫైల్ ఉందా లేదా అని కూడా చూడకుండా తిరిగిచ్చేసింది. రెండోది ఎక్కడో వెతికింది, దొరకలేదు. ఫైల్::గ్లాబ్ నుంచి బిఎస్‌డి_గ్లాబ్ తెచ్చుకుంటే కొయ్యదు. ఇంకో సంగతి, లైనక్స్‌లో చిన్నక్షరాలతో గ్లాబ్ చేస్తే మీ పాత పెద్దక్షరాల ఫైళ్ళు అసలు లిస్టులోకే రావు. పాడవ్వవు గానీ లెక్కలోంచి జారిపోతాయి. మీ పనికి రీడ్‌డిరే నయం, ముందు దారి తగిలించుకోండి చాలు.

మాస్టారు_మద్దిలపాలెం

రీడ్‌డిర్ అన్నారు కాబట్టి ఇదీ చెప్పేస్తాను. వైల్ లూప్‌లో ఒక్కో పేరూ తీస్తూ, అదే ఫోల్డర్‌లో కొత్త ఫైళ్ళు రాయకూడదు. తెరిచి ఉన్న డైరెక్టరీలో మధ్యలో పుట్టిన ఫైల్ లిస్టులో కనిపిస్తుందో లేదో పోసిక్స్ (యూనిక్స్ తరహా సిస్టమ్‌ల) ప్రమాణం కూడా హామీ ఇవ్వదు. వడపోత సరిగా లేకపోతే ఔట్‌పుట్‌కి ఔట్‌పుట్, దానికి మళ్ళీ ఔట్‌పుట్, గొలుసు మొదలవుతుంది. రీడ్‌డిర్‌ని లిస్ట్ కాంటెక్స్ట్‌లో ఒకేసారి పిలిచి, పేర్లన్నీ అర్రేలో వేసుకుని, క్లోజ్‌డిర్ చేసి, సార్ట్ చేసి, అప్పుడు లూప్ పెట్టు. రీడ్‌డిర్ ఇచ్చే వరుసకి అక్షరక్రమంతో సంబంధం లేదు, ఫైల్ సిస్టమ్ ఎలా దాచుకుంటే అలా ఇస్తుంది. తేదీల వరుస కావాలంటే సార్ట్ నీ పని.

ఇంకా మంచిది, ఔట్‌పుట్‌కి వేరే ఫోల్డర్ పెట్టు. పేరు ఒకటే అయినా చోటు వేరు కాబట్టి అసలు మీద పడే దారే ఉండదు. తోక తగిలించడం కంటే నాకిదే ఎక్కువ ఇష్టం, నిజం చెప్పాలంటే. ఓనరు గారి డబుల్ క్లిక్ గొడవా తీరుతుంది. చిన్నా పెద్దా అక్షరాల పేర్లు ఒకటైపోయే సమస్య మాత్రం ఉంటుంది, హ్యాష్ కాపలా ఉంచు.

బెల్లం_మార్కెట్ (అనకాపల్లి)

ఏటి మాస్టారూ, నాదీ ఇలాటి గొడవే, ఇక్కడే అడిగేస్తన్నాను. మా దగ్గర ఔట్‌పుట్‌కి ఇన్‌పుట్ పేరు కాదు, వరుస నంబరు. ఫోల్డర్‌లో అప్పటికే ఉన్న 'చిట్టా-1', 'చిట్టా-2' అన్నీ చూసి, పెద్ద నంబరుకి ఒకటి కలిపి కొత్తది రాయాలి. తొమ్మిది దాకా బాగా నడిచింది. పది కూడా వచ్చీసింది. అక్కడ్నించి ఎన్నిసార్లు నడిపినా పదే. పదకొండు రాదు. పాత పది ఏటైపోనాదో తెల్దు.

ఉప్పుగాలి

పాత పది మీద కొత్త పది రాసేసింది. సార్ట్ చేసి చివరిది తీసుకుంటున్నారు కదూ? పెర్ల్ సార్ట్ ఏమీ చెప్పకపోతే అక్షరాల లెక్కన పోలుస్తుంది. 'చిట్టా-10', 'చిట్టా-9' పక్కన పెడితే ముందు 1కీ 9కీ పోటీ, 9 గెలుస్తుంది. ఎప్పుడు చూసినా పెద్దది తొమ్మిదే, దానికి ఒకటి కలిపితే పదే.

పేరులోంచి అంకెలు మాత్రం రెగెక్స్‌తో లాగి `<=>` తో పోల్చండి, లేదా లిస్ట్::యుటిల్‌లోని మ్యాక్స్‌కి ఇవ్వండి. కొత్త పేర్లకి స్ప్రింట్‌ఎఫ్‌తో ముందు సున్నాలు పెట్టించండి, 010, 011 అలా. అప్పుడు ఫోల్డర్ తెరిచి చూసేవాళ్ళకి కూడా వరుసలో కనిపిస్తాయి.

రుషికొండ_రూట్

ఇక్కడ నాకు తెలిసింది ఒకటుంది. నంబరు లెక్కపెట్టడానికీ, ఆ పేరుతో ఫైల్ తెరవడానికీ మధ్య సందు ఉంటుంది. మార్కెట్లో ఇద్దరు ఒకేసారి స్క్రిప్టు నడిపారనుకో, ఇద్దరికీ 11 వస్తుంది. ముందు మైనస్ ఈ తో 'ఉందా' అని చూసి తర్వాత తెరిచినా అదే సందు. సిస్‌ఓపెన్ వాడి, ఎఫ్‌కంట్రోల్ మాడ్యూల్ నుంచి ఓ_క్రియేట్, ఓ_ఎక్స్‌క్లూజివ్ జెండాలు, వాటితో పాటు రాయడానికి మాత్రమే అన్నదీ కలిపి ఇవ్వాలి. అసలు స్పెల్లింగ్ మాడ్యూల్ డాక్యుమెంటేషన్‌లో చూసుకోండి, రెండూ కుదించి ఉంటాయి. అప్పటికే ఆ పేరు ఉంటే తెరవనే తెరవదు, ఫెయిల్ అవుతుంది. ఫెయిలైతే నంబరు ఒకటి పెంచి మళ్ళీ ప్రయత్నం. ఉందా అని చూడటం, తయారుచేయడం రెండూ కెర్నల్ ఒకే దెబ్బలో చేస్తుంది కాబట్టి సందు లేదు.

కాటా తమ్ముడూ, నువ్వు కూడా ఇలా చేసి, ఉన్నదాని మీద రాయకుండా -1, -2 అని పెంచుకో.

మాస్టారు_మద్దిలపాలెం

సిస్‌ఓపెన్ సంగతి చక్కగా చెప్పారు రూట్ గారూ. కానీ కాటా వాళ్ళకి నంబర్లు వద్దంటాను. బెల్లం మార్కెట్ చిట్టా మళ్ళీ పుట్టించలేని కాగితం, దానికి కొత్త నంబరు ఉండాల్సిందే. కాటా మొత్తాలు అలా కాదు. అసలు ఫైల్ ఉన్నంతకాలం స్క్రిప్టు ఎన్నిసార్లు నడిపినా అవే మొత్తాలు వస్తాయి. వాటికి -1, -2, -3 పెట్టుకుంటూ పోతే నెలాఖరుకి ఏది సరైనదో ఎవరికీ తెలియదు. ధైర్యంగా మీద రాసెయ్యాలి. కాకపోతే నేరుగా రాయకుండా అదే ఫోల్డర్‌లో తాత్కాలిక పేరుతో రాసి, క్లోజ్ సరిగా అయిందని చూసుకుని, రీనేమ్ చేయాలి. మధ్యలో కరెంటు పోతే సగం రాసిన మొత్తం ఆడిటర్ కంట పడదు.

ఉప్పుగాలి

ఆడిటర్ అంటే గుర్తొచ్చింది. మా దగ్గర ఆడిటర్‌కి ఏ రోజు తీసిన మొత్తమో కావాలి, కాబట్టి పేరులో తేదీ పెడతాం. పెట్టేవాళ్ళు సంవత్సరం, నెల, రోజు వరుసలో పెట్టండి. రోజు ముందు పెడితే జనవరి 2, డిసెంబరు 1 తర్వాత వస్తుంది. పోసిక్స్ మాడ్యూల్‌లోని ఎస్‌టిఆర్‌ఎఫ్‌టైమ్ వాడితే లోకల్‌టైమ్‌లో నెల సున్నా నుంచి మొదలవడం, సంవత్సరానికి 1900 కలపడం లాంటివి మీరు పట్టించుకోనక్కర్లేదు.

కైలాసగిరి_కేబుల్

మాది తెలుగులో ఫైళ్ళ పేర్లు పెట్టుకునే ఆఫీసు, ఊరి పేరుతోనే. ఇదే పద్ధతిలో ఔట్‌పుట్ పేర్లు తయారుచేస్తే రెండు వింతలు కనిపించాయి. పేరు పొడవు ఎక్కువైతే ఫైల్ తెరవట్లేదు. 'వైజాగ్' అని మొదలయ్యే ఫైళ్ళలో కొన్నిటిని రెగెక్స్ పట్టుకోవట్లేదు, కంటికి రెండూ ఒకేలా ఉన్నాయి. పట్టనివన్నీ ఒక పాత మ్యాక్ నుంచి వచ్చినవి.

మాస్టారు_మద్దిలపాలెం

బాగా దొరికింది ఇది. రీడ్‌డిర్ ఇచ్చేది అక్షరాలు కాదు, బైట్లు. యుటిఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్‌పాయింట్‌కి (యూనికోడ్‌లో విడి సంఖ్య ఉన్న ఒక్కో గుర్తుకి) మూడు బైట్లు. 'విశాఖపట్నం'లో గుణింతాలు, పొల్లు, సున్నా విడివిడిగా లెక్కపెడితే పది కోడ్‌పాయింట్లు, అంటే 30 బైట్లు. డీకోడ్ చేయకుండా లెంగ్త్ అడిగితే పెర్ల్ 30 అంటుంది. లైనక్స్ ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టి4లో ఫైల్ పేరుకి గరిష్ఠం 255 బైట్లు, తెలుగులో అది 85 కోడ్‌పాయింట్లకే నిండిపోతుంది. వెనక తేదీ, తోక, ఎక్స్‌టెన్షన్ అన్నీ తగిలిస్తే ఎక్కడ చాలుతుంది? పేరు తగ్గించండి, కానీ డీకోడ్ చేశాకే కోయండి. బైట్ల మీద కోస్తే అక్షరం మధ్యలో తెగుతుంది.

రెండోది ఐత్వం. యూనికోడ్‌లో తెలుగు ఐత్వాన్ని ఒకే కోడ్‌పాయింట్‌గా రాయొచ్చు, ఎత్వం, దాని తోక అని రెండు ముక్కలుగానూ రాయొచ్చు. రెండూ సమానమేనని ప్రమాణం చెబుతుంది, కానీ బైట్లు వేరు. పాత మ్యాక్‌లలోని హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఫైల్ సిస్టమ్ పేర్లని విడగొట్టి దాచేది. మీ కీబోర్డు కలిపి రాస్తుంది. అందుకే 'వై' దగ్గర పోలిక తప్పుతోంది. ఎన్‌కోడ్ మాడ్యూల్‌తో డీకోడ్ చేసి, యూనికోడ్::నార్మలైజ్‌లోని ఎన్‌ఎఫ్‌సి (విడి ముక్కల్ని కలిపేది) గుండా పంపాక పోల్చండి. తెరిచేటప్పుడు మాత్రం రీడ్‌డిర్ ఇచ్చిన అసలు బైట్లే వాడండి. కలిపిన పేరుతో తెరవబోతే లైనక్స్ ఆ ఫైల్ లేదంటుంది.

బెల్లం_మార్కెట్ (అనకాపల్లి)

పదకొండు వచ్చింది, పన్నెండు కూడా వచ్చీసింది. ఉప్పుగాలి గారికి ఒక అచ్చు బెల్లం.

కాటా_కుర్రోడు (గాజువాక)

అందరికీ థ్యాంక్స్. ఔట్‌పుట్‌కి వేరే ఫోల్డర్ పెట్టాను, పేర్లు ముందే అర్రేలోకి తీసుకున్నాను, ఫైల్‌పార్స్‌తో ఎక్స్‌టెన్షన్ తీసి సిఎస్‌వి పెట్టాను, హ్యాష్ కాపలా పెట్టాను. పెన్‌డ్రైవ్ నుంచి అసలు ఫైళ్ళు మళ్ళీ కాపీ చేసి నడిపితే హ్యాష్ దగ్గర వెంటనే డై అయింది! పాత ఇండికేటర్, కొత్త ఇండికేటర్ రెండూ పనిచేసిన రోజొకటి ఉంది, ఒకే పేరు, ఎక్స్‌టెన్షన్ మాత్రం ఒకదానికి పెద్దక్షరాల్లో, ఇంకోదానికి చిన్నక్షరాల్లో. ఆ రోజుకి మాత్రం పాతదాని పేరు ముందు 'పాత' అని చేర్చాను.

చివరగా ఒకటి. ఇకమీదట ఎవరు ఏ స్క్రిప్టు నడిపినా అసలు ఫైళ్ళు చెడకుండా ఫోల్డర్‌కి రాసే అనుమతి తీసేశాను. సరిపోతుందా?

ఉప్పుగాలి

సరిపోదు. ఫోల్డర్ మీద రాసే అనుమతి తీసేస్తే కొత్త ఫైల్ పుట్టించడం, చెరపడం, పేరు మార్చడం ఆగుతాయి. ఉన్న ఫైల్‌ని '>' తో తెరిచి ఖాళీ చేయడానికి ఫోల్డర్ అనుమతి అక్కర్లేదు, ఆ ఫైల్ మీద ఉంటే చాలు. ఫైళ్ళ మీద కూడా సిహెచ్‌మాడ్ అనే ఆదేశంతో తీసెయ్యండి. స్క్రిప్టుని రూట్‌గా (అన్ని హక్కులూ ఉన్న యూజర్‌గా) నడిపితే ఈ అనుమతులేవీ అడ్డం రావు, కాబట్టి సుడో పెట్టి నడిపే అలవాటుంటే మానండి. ఓపెన్ తర్వాత 'ఆర్ డై' ఉందో లేదో కూడా ఒకసారి చూడండి. అది లేకపోతే అనుమతి లేదన్న సంగతి కూడా స్క్రిప్టు మీకు చెప్పదు.

కాటా_కుర్రోడు (గాజువాక)

లేదు. పెడుతున్నా.